బకెట్టున్నర వాన

మా ఇంట్లో నా వాతావరణ జోస్యానికి మంచి విలువే ఉంది. "ఇవాళ సాయంత్రం ఉరుములతో వాన ఖాయం" అని నేను అనగానే మా ఆవిడ తడిబట్టల బుట్ట చంకన పెట్టుకుని బాల్కనీలోకి నడుస్తుంది. "ఇవాళ చినుకు కూడా పడదు" అన్నానంటే, ఆరాయో లేదో కూడా చూడకుండా తీగ మీద ఉన్నవన్నీ లాగేసి లోపల పడేస్తుంది. ఆమెను తప్పు పట్టడానికేమీ లేదు. ఎప్పుడూ తప్పే చెప్పేవాడు కూడా ఎప్పుడూ ఒప్పే చెప్పేవాడంత పనికొస్తాడు, తిరగేసి వాడుకుంటే చాలు. ఇబ్బందల్లా, నా జోస్యం అప్పుడప్పుడూ నిజమైపోతుంది. అలాంటి రోజున నీళ్ళు కారుతున్న దుప్పట్లు పట్టుకుని ఆమె నా వంక చూసే చూపు, నమ్మినవాడి చేతిలో మోసపోయిన మనిషి చూపు.

నాకు మామూలు వాన అక్కర్లేదు. ముసురు పట్టి రోజంతా సన్నగా కారే వాన ఎవరికి కావాలో వాళ్ళు ఉంచుకోవచ్చు. నాకు కావలసింది ఉరుము. మధ్యాహ్నం వరకు దూదిపింజల్లా అమాయకంగా తిరిగిన మబ్బుల్లో ఒకటి ఉన్నట్టుండి పది కిలోమీటర్లు పైకి లేచి, అక్కడ ఇక ఎక్కలేక నెత్తి చదునుగా పరుచుకుని, అడుగున నల్లబడి, "ఇప్పుడు చెప్పండి" అన్నట్టు ఊరి మీదికి వచ్చి నిలబడాలి. దాన్ని క్యుములోనింబస్ అంటారు. ఈ పేరు మా ఇంట్లో భోజనాల దగ్గర ఎత్తకూడదని ఒక ఒప్పందం ఉంది.

ఎండాకాలంలో నా దినచర్య ఫోన్‌తో మొదలై ఫోన్ ఛార్జింగ్ అయిపోవడంతో ముగుస్తుంది. ముందు కేప్ చూస్తాను. కింద వేడెక్కిన తడిగాలి పైకి లేవడం మొదలుపెడితే దానికి ఎంత ఊపు దొరుకుతుందో చెప్పే లెక్క అది, కిలో గాలికి ఇన్ని జౌళ్ళు అని. వెయ్యి దాటితే కుర్చీలో సర్దుకుని కూర్చుంటాను. రెండున్నర వేలు దాటితే కూర్చోలేను. అయితే కేప్ ఒక్కటీ ఉంటే సరిపోదు. పైన ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తులో ఒక్కోసారి వెచ్చటి గాలి పొర ఒకటి మూత వేసుకుని కూర్చుంటుంది. కింద గాలికి శక్తి అంతా ఉంటుంది, లేచే దారి ఉండదు. ఆదివారం పొద్దున నా పరిస్థితి కూడా సరిగ్గా ఇదేనని మా ఆవిడకు చెప్పి చూశాను. ఆ మూత ఎలా తీయాలో తనకు తెలుసంది.

యాప్‌ల సంగతి వేరు. ఒకటి వానకు నలభై శాతం అవకాశం అంటుంది, ఇంకోటి డెబ్భై అంటుంది, మూడోది నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న సూర్యుడి బొమ్మ వేసి నవ్వుతుంది. ఏది ఎక్కువ అంకె చూపిస్తే ఆ రోజుకు దాన్ని నమ్ముతాను. విడిగా లేచే ఉరుముల మేఘం కొద్ది కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది, అరగంట నుంచి గంట బతుకుతుంది. అంత చిన్నదీ, అంత అల్పాయుష్షుదీ ఏ వీధి మీద పుడుతుందో ముందుగా చెప్పడం ఎంత పెద్ద కంప్యూటర్‌కైనా కష్టమే. నేను అర్థం చేసుకుంటాను. మా ఆవిడ మాత్రం, "శాతాలు నాకెందుకండీ? దుప్పట్లు ఆరెయ్యనా వద్దా?" అంటుంది.

నాకు పోటీగా ఎదురింటి బాబాయ్‌గారు ఉన్నారు. ఆయన దగ్గర యాప్‌లు లేవు, రెండు మోకాళ్ళు ఉన్నాయి. ఎడమది నొప్పి పెడితే వాన, కుడిది నొప్పి పెడితే వయసు. మోకాళ్ళ నొప్పులకూ వానకూ నిజంగా సంబంధం ఉందా అన్నది పరిశోధకులు ఇంకా తేల్చుకోలేదని ఒకసారి మర్యాదగా చెప్పాను. "తేల్చుకోమను, నేనేం తొందర పెట్టట్లేదుగా" అన్నారు. మా బాల్కనీ పిట్టగోడ మీద నేను బిగించుకున్న వానమాపకం చూస్తే ఆయనకు మహా సరదా. నెత్తిన ఎండ మాడుతున్నప్పుడు కూడా, అటునుంచి "ఎంత పడిందోయ్?" అని అరుస్తారు.

ఆ రోజు పొద్దుటి నుంచీ ఆకాశానికి నిలకడ లేదు. తొమ్మిదింటికి మబ్బు, పదింటికి ఎండ, పదకొండుకు గాలి, పన్నెండుకు గాలి కూడా లేదు, ఉత్త ఉక్క. చొక్కా వీపుకు అంటుకుపోతోంది. లోకమంతా విసుక్కుంటుంటే నేను మాత్రం ఇంట్లో హుషారుగా తిరుగుతున్నాను. కేప్ మూడు వేలు! మధ్యాహ్నం దాటాక రాడార్ మీద పడమట ఒక పచ్చచుక్క పుట్టింది. పది నిమిషాలకు కొత్త బొమ్మ వచ్చింది, చుక్క పసుపైంది. మరో పది నిమిషాలకు నడిమధ్యన ఎరుపు. బొమ్మల్ని వరసగా ఆడిస్తే అది నేరుగా మా ఇంటికేసి నడిచొస్తోంది.

"వస్తోంది! గంటలో ఇక్కడుంటుంది!" అన్నాను.

మా ఆవిడ ఊరికి ఆ చివరనున్న వాళ్ళ చెల్లెలి ఇంటికి బయల్దేరుతోంది. నా మాట వినగానే చేతిలో ఉన్న గొడుగు మళ్ళీ మూలన పెట్టేసింది. ఉతికిన దుప్పట్లు నాలుగూ తీగ మీద పరిచి క్లిప్పులు పెట్టింది. వెళ్తూ వెళ్తూ, "బకెట్‌లో నీళ్ళు పట్టి ఉంచాను, మొక్కలకు పొయ్యండి. తలుపుకు అడ్డం పెట్టాను, మళ్ళీ అక్కడే పెట్టండి" అంది.

ఆ తలుపు గురించి కాస్త చెప్పాలి. బాల్కనీ తలుపు మూసుకుంటే గడియ దానంతటదే పడుతుంది, తీయడానికి పిడి లోపలివైపే ఉంది. అలా తయారు చేసినవాడు బాల్కనీలోకి ఎప్పుడూ వెళ్ళి ఉండడు. అందుకని ఆ నీళ్ళ బకెట్ దానికి కాపలా.

ఇంకో గంటలో ఆకాశమే మొక్కలకు నీళ్ళు పోయబోతుంటే కుళాయి నీళ్ళు ఎవరు పోస్తారు? పైగా వానమాపకం ఎంత చూపించినా బాబాయ్‌గారు నమ్మరు. ఖాళీ బకెట్ ఒకటి పక్కన పెడితే కళ్ళారా చూస్తారు కదా! నీళ్ళు మోరీలో పారబోసి, బకెట్ తీసుకెళ్ళి పిట్టగోడ పక్కన నిండా ఆకాశం కనపడే చోట పెట్టాను. ఎదురు బాల్కనీలో పేపర్ చదువుకుంటున్న బాబాయ్‌గారు ఇదంతా కళ్ళద్దాల పైనుంచి చూశారు.

"మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్టు ఉందోయ్" అన్నారు.

"ముంత కాదు బాబాయ్‌గారూ, బకెట్" అన్నాను. "మీ ఎడమ మోకాలు ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదు. హాయిగా ఉంది."

అప్పటికే పడమర నల్లబడింది. ఉరుము ఇంకా వినపడలేదు గానీ గాలి ఒక్కసారిగా స్తంభించింది. ఆకు కదలడం లేదు. నాకు ఒళ్ళు పులకరించింది.

ఇక్కడ ఒక చిన్న శాస్త్రం. 1946, 47 సంవత్సరాల్లో అమెరికాలోని ఫ్లోరిడా, ఒహాయోల్లో ఉరుముల మేఘాల్లోకి పనిగట్టుకుని విమానాలు పంపించి లోపల ఏం జరుగుతోందో కొలిచారు. బయర్స్, బ్రాహమ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ కొలతలన్నీ కలిపి మేఘం జీవితకథ రాశారు. వాన మొదలైతే చినుకులు తమతో పాటు గాలినీ కిందికి లాక్కొస్తాయి. కొన్ని చినుకులు దారిలోనే ఆవిరై ఆ గాలిని ఇంకా చల్లబరుస్తాయి. ఆ బరువైన చల్లగాలి నేలను కొట్టుకుని నాలుగు దిక్కులకూ పరుగెడుతుంది, వాన కంటే కిలోమీటర్ల ముందే వచ్చేస్తుంది. మేఘానికి కింది నుంచి అందే వేడిగాలిని కోసేసి దాని చావుకు కారణమయ్యేది కూడా అదే. చదివినప్పుడు ఎంత బాగుందో అనుకున్నాను.

ఆ గాలి వచ్చింది. దుమ్ము, ఎండుటాకులు, ఎవరిదో ప్లాస్టిక్ కవరు, అన్నీ కలిసి వచ్చాయి. నేను రెండు చేతులూ చాచి దానికి ఎదురు నిలబడ్డాను. వెనకాల తలుపు ధడాలున పడింది. దాని వెంటనే టక్కుమని గడియ.

తలుపు నెట్టాను. గీరాను. సన్న ఇనపరేకు లాంటిదేమైనా దొరుకుతుందేమోనని చూస్తే బట్టల క్లిప్పులు తప్ప ఏమీ లేవు. సరే, ఫోన్ ఉందిగా! రోజంతా రాడార్ ఆడించీ ఆడించీ ఛార్జింగ్ నాలుగు శాతానికి దిగింది. మా ఆవిడకు కాల్ చేశాను. రింగవుతోంది. చాలా దగ్గర్లో రింగవుతోంది. అద్దంలోంచి తొంగిచూస్తే హాల్లో టేబుల్ మీద ఛార్జింగ్‌కు పెట్టిన ఆమె ఫోన్ వెలుగుతూ ఆరుతూ వణుకుతోంది. నా ఫోన్ కన్నుమూసే ముందు యాప్ ఒక ఆఖరి సందేశం చూపించింది: "ప్రస్తుతం మీ ప్రాంతంలో ఉరుములు మెరుపులతో భారీ వర్షం." బయట చినుకు లేదు.

మెరుపు మాత్రం వచ్చింది.

శబ్దం కిలోమీటరు నడవడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ముప్ఫై ఆరు దగ్గర ఉరిమింది, అంటే పన్నెండు కిలోమీటర్లు. తర్వాతి మెరుపుకు ఇరవై ఏడు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్ఫై సెకన్ల లోపు ఉంటే వెంటనే ఇంట్లోకి వెళ్ళాలనీ, ఆఖరి ఉరుము వినిపించాక కూడా అరగంట బయటికి రాకూడదనీ నియమం. ఈ నియమం మా బంధువర్గంలో నా చేత చెప్పించుకోనివాళ్ళు లేరు. ఇంట్లోకి వెళ్ళడానికి నేను సిద్ధమే, ఇల్లే సిద్ధంగా లేదు.

ఇనప చువ్వలకు దూరంగా తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. ఇలాంటప్పుడు మనసుకు ధైర్యం చెప్పే విషయాలేవైనా గుర్తు రావచ్చు కదా! నాకు విలియం ర్యాంకిన్ గుర్తొచ్చాడు. 1959 జూలై 26న యుద్ధవిమానం ఇంజిన్ ఆగిపోయి సరాసరి ఉరుముల మేఘంలోకే దూకాల్సొచ్చిన అమెరికన్ పైలట్. లోపలి గాలులు అతణ్ణి పైకీ కిందికీ ఎగరేసి, వడగళ్ళతో కొట్టి, దాదాపు నలభై నిమిషాల తర్వాత గానీ నేల మీదికి వదల్లేదు. బతికి బయటపడ్డాడు. అయినా ఆయన దగ్గర పారాచూట్ ఉంది. నా దగ్గర ఖాళీ బకెట్ ఉంది.

ఇరవై ఒకటి. ఏడు కిలోమీటర్లు.

అప్పుడు జరిగింది నేను ఎవరికీ చెప్పలేదు. "వద్దు, వెళ్ళిపో" అన్నాను, పైకే అన్నాను. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి రమ్మని బతిమాలితే ఒక్కసారి చెవిన పెట్టని ఉరుము, ఈ ఒక్క మాట మాత్రం వెంటనే వినిపించుకుంది. తర్వాతి ఉరుముకు ముప్ఫై నాలుగు లెక్కపెట్టాను. ఆ తర్వాత దానికి లెక్కపెట్టీ పెట్టీ ఊరుకున్నాను. మబ్బు కింద నుంచి వానచారలు వేలాడాయి గానీ నేల అందకుండానే ఆవిరైపోయాయి. నాలుగు చినుకులు బాల్కనీ గచ్చు మీద పడి, అవి ఆరకముందే ఎండ వచ్చేసింది. సాయంత్రం అయిదున్నర ఎండ, ఎదురుగా, మొహం మీద.

"ఎంత పడిందోయ్?" అని వినిపించింది.

చూద్దామంటే వానమాపకం కనపడలేదు. గాలికి ఊడిన దుప్పటి ఒకటి దాని నెత్తిన కప్పుకుపోయి ఉంది. తలుపు పడిన సంగతి అప్పుడు చెప్పాను. బాబాయ్‌గారు పేపర్ మడిచి, తాపీగా లేచి, పిన్నిగారిని కూడా పిలిచి చూపించారు. మా తాళం వాళ్ళ దగ్గర లేదు, మా మరదలి ఫోన్ నంబరూ లేదు. "కూర్చోవోయ్, నిలబడితే మోకాళ్ళు పాడవుతాయి" అన్నారు. బకెట్ బోర్లించి కూర్చున్నాను.

చీకటి పడుతుండగా లోపల లైటు వెలిగింది. గడియ తీసింది మా ఆవిడ. తల నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయింది, చీర కొంగు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎన్నడూ లేనిది ఇవాళే నిజం చెప్పాలా మీరు?" అంది.

ఊరికి ఆ చివర కుండపోతట. నాకు వెంటనే విషయం అర్థమైంది. మన మేఘం చనిపోతూ వదిలిన చల్లగాలి ఊరు దాటి వెళ్ళి, అక్కడి వేడిగాలి కిందికి దూరి దాన్ని పైకెత్తి ఉంటుంది, దాంతో అక్కడ కొత్త మేఘం లేచి ఉంటుంది, ఇలా ఒకటి చచ్చి ఇంకోదాన్ని పుట్టించడం వీటిలో మామూలే అని ఆనందంగా చెప్పుకుపోతున్నాను. ఆమె దుమ్ము కొట్టుకుపోయిన దుప్పట్ల వంక చూస్తోంది. వడగళ్ళు కూడా పడ్డాయట.

"ఎంతెంత ఉన్నాయి? గోళీకాయంతా, ఇంకా పెద్దవా? ఒక్కటైనా పట్టుకొచ్చావా?" అన్నాను.

తల తుడుచుకుంటున్న తువ్వాలు ఆపి, నన్నొకసారి చూసి, బోర్లించిన బకెట్ తీసి నా చేతిలో పెట్టింది. "మొక్కలు వాడిపోతున్నాయి" అంది.

కుళాయి దగ్గర నింపుకొచ్చి కుండీలకు పోశాను. చాలకపోతే ఇంకో సగం తెచ్చాను. అది కూడా అయ్యేసరికి ఎదురు బాల్కనీలో లైటు వేసుకుని బాబాయ్‌గారు కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"ఇంతకీ ఎంత పడిందోయ్?"

"బకెట్టున్నర" అన్నాను.