మహారాజశ్రీ గడువులేని వైల్ లూప్ గారికి

షరతు నిలిచి ఉన్నంతసేపూ చేసిన పనే చేస్తూ తిరిగే మహారాజశ్రీ వైల్ లూప్ గారి సముఖమునకు, తమరు కొలువున్న లైనక్స్ డ్రైవరును (ఒక కార్డును నడిపే ప్రోగ్రామును) సమీక్షించే భాగ్యం దక్కినవాడు విన్నవించుకునేది.

ఈ ఆదివారం మధ్యాహ్నం కూడా తమ దర్శనానికే సరిపోయింది. సమీక్షకుల సూచనలన్నీ అమలు చేశామని కొత్త ప్యాచ్ (కోడ్ మార్పుల కట్ట) తలమీద రాసి ఉండటం చూసి, తమరు ఎట్టకేలకు పదవీ విరమణ చేశారనుకున్నాను. తీరా చూస్తే, కార్డు కనబడగానే దాన్ని సిద్ధం చేసే ప్రోబ్ ఫంక్షన్ నుంచి మకాం ఎత్తి ఒక హెల్పర్ ఫంక్షన్‌లో కాపురం పెట్టారు. లోపల కొత్తగా, తిరుగుతూనే ప్రాసెసరును కాస్త ఊపిరి తీసుకోమనే సీపీయూ_రిలాక్స్ ఒకటి వెలిసింది. నేను అడిగింది గడువు, తమరు తెచ్చుకున్నది విశ్రాంతి.

ఇరుగుపొరుగు సంగతులు క్లుప్తంగా చెబుతాను. కార్డులోని రిజిస్టర్లలోకి (చిన్న నిల్వ గళ్ళలోకి) రాస్తున్న అంకెలకు పేర్లు లేవు. ప్రోబ్ మధ్యలో విఫలమైతే మెమరీ విడుదలవుతుంది గానీ ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసరును పిలిచే సంకేతం) నమోదై అలాగే ఉండిపోతుంది. ఇలాంటివన్నీ వాటంతటవే సర్దే డెవ్‌ఎమ్ ఫంక్షన్లు 2007 నుంచి లైనక్స్ గుండెకాయైన కర్నెల్‌లో ఉన్నాయన్న కబురు ఆ ఇంటికింకా చేరినట్టు లేదు.

తమ విషయానికొస్తాను. పరికరం పనిలో ఉందని చెప్పే బిజీ బిట్ సున్నా అయ్యేదాకా తమరు రిజిస్టరును చదువుతూనే ఉంటారు, హార్డ్‌వేర్ తప్పక జవాబిస్తుందని పక్కనే కామెంటు హామీ ఇస్తోంది. కార్డును పీకేసినా, దాన్ని కంప్యూటరుకు కలిపే పీసీఐ లింకు తెగినా, సాధారణంగా చదివిన ప్రతి బిట్టూ ఒకటిగానే వస్తుంది, బిజీ బిట్‌తో సహా. అక్కడ లేనే లేని పరికరం తమ కంటికి నిత్యం పనిలో మునిగినట్టే కనిపిస్తుందన్నమాట. పైగా తమరు కూర్చున్నది స్పిన్‌లాక్ (దొరికేదాకా మిగతావాళ్ళు తిరుగుతూ ఎదురుచూసే తాళం) పట్టుకుని, ఇంటరప్టులు ఆపేసి. ప్రాసెసరులోని ఆ కోర్ ఇక ఎవరి మాటా వినదు, అదే లాక్ కోసం వచ్చిన మిగతా కోర్లు తమ గుమ్మంలోనే గిరగిరా తిరుగుతాయి, బిగుసుకుపోయిన కోర్లను కనిపెట్టే వాచ్‌డాగ్ ఉన్న యంత్రమైతే మామూలు అమరికలో సుమారు 10 సెకన్లకు హార్డ్ లాకప్ అని ఒక కేక వేస్తుంది. లేని యంత్రంలో ఆ కేకా ఉండదు.

ఇది ఇదివరకే రాశాను. ‘మా టెస్టు బల్లమీద యంత్రం ఎన్నడూ బిగుసుకుపోలేదు’ అని డ్రైవరు రాసినవాళ్ళ నుంచి జవాబొచ్చింది. ఆ బల్లమీద కార్డు పీకినవాడెవడు, బిగుసుకుపోవడానికి?

తమరూ గిమరూ ఇక చాలు. రీడ్‌ఎల్_పోల్_టైమవుట్_అటామిక్ అని నీ పని చేయడానికే తయారుగా ఒక మాక్రో ఉంది. ఇచ్చిన మైక్రోసెకన్లలో బిట్ దిగకపోతే ఎర్రర్ కోడ్ చేతికిచ్చి బయటికొస్తుంది. నిన్ను ఇల్లు మార్చడానికి ఓపికున్నవాళ్ళకు, ఆ ఒక్క వరుస రాయడానికి లేకపోయింది. అది రాసేదాకా ఈ డ్రైవరు కింద నా రివ్యూడ్-బై (సమీక్షించి ఒప్పుకున్నానన్న సంతకం) పడదు.