మన ఆదివారాలు, పిల్లల కార్టూన్లు

పాత కార్టూన్‌ను కొత్తగా తీశారని తెలియగానే అలిగేది పిల్లలు కాదు, పెద్దలు. ఈ మాట ఎగతాళికి అనడం లేదు. అలిగినవారిలో నేనూ ఒకణ్ణి. 2017లో బాతుల కుటుంబం సాహసాల కార్టూన్ ‘డక్‌టేల్స్’ కొత్త రూపంలో వచ్చినప్పుడు, ఆరేళ్ళ మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకొని ఎంతో ఉత్సాహంగా టీవీ పెట్టినవాణ్ణి, పది నిమిషాలు గడవకముందే “ఇది అది కాదు” అని తేల్చేశాను. “ఏది అది, నాన్నా?” అని మా అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నకు సరైన జవాబు నా దగ్గర లేదని గ్రహించడానికి నాకు చాలా రోజులు పట్టింది.

నేను ‘అది’ అన్నది 1990లలో దూరదర్శన్‌లో ఆదివారం ఉదయం వచ్చిన కార్టూన్‌ను. తలంటు పోసుకొని, తడి జుట్టుతోనే టీవీ ముందు చేరే మాకు హిందీ అంతంత మాత్రమే వచ్చు. అందులోని ధనవంతుడైన బాతు అంకుల్ స్క్రూజ్ ఏమంటున్నాడో సగం ఊహించుకొని, మిగిలిన సగం బొమ్మల కదలికను బట్టి అర్థం చేసుకొనేవాళ్ళం. ఆంగ్లంలో ఆ పాత్రకు గొంతు ఇచ్చిన అలన్ యంగ్ స్వరం నేను మొదటిసారి విన్నది అమెరికా వచ్చిన తరువాతే. కొత్త ధారావాహికలో డేవిడ్ టెనెంట్ గొంతు విని ‘అసలు గొంతు ఇది కాదు’ అని నొచ్చుకున్నప్పుడు నా మనసులో ఉన్న ‘అసలు’ ఒక హిందీ అనువాదం. అందులోనూ నాకు సగమే అర్థమైన అనువాదం.

ఇంకొంచెం వెనక్కి వెళితే దూరదర్శన్‌లో నేను చూసిన ఆ 1987 నాటి ధారావాహిక కూడా మొదటిది కాదు. స్క్రూజ్ పాత్రను కార్ల్ బార్క్స్ 1947లోనే కామిక్ పుస్తకాల కోసం సృష్టించారు. టీవీకి తెచ్చినవారు స్క్రూజ్ మేనల్లుడు డొనాల్డ్‌ను నౌకాదళంలో చేర్చి కథ నుంచి దాదాపు తప్పించారు. పుస్తకాల్లో లేని పైలట్ లాంచ్‌ప్యాడ్‌ను, చిన్నారి వెబీని కొత్తగా కల్పించారు. మేము ‘అసలు’ అని గుండెకు హత్తుకొన్నది అప్పటికే ఒక మార్పు చేసిన కథ. పిల్లలం కాబట్టి మాకది తెలియలేదు, తెలిసినా పట్టించుకొనేవాళ్ళం కాదు.

చిన్ననాటి కార్టూన్ మీద మమకారం మన ఒక్కరిదే కాదు. 1993 డిసెంబరులో హంగరీ ప్రధాని యోజెఫ్ అంతాల్ మరణించినప్పుడు, అక్కడి టీవీలో ఒక ఆదివారం ఇదే ‘డక్‌టేల్స్’ను మధ్యలో ఆపివేశారు. ఏం జరిగిందో తెలియని పిల్లలకు ఆ ఆగిపోయిన కార్టూనే జ్ఞాపకంగా మిగిలింది. ఆ వయసువారిని హంగరీలో నేటికీ ఆ కార్టూన్ పేరుతోనే ఒక తరంగా పిలుస్తారు. మమకారం ఇంత లోతైనది కాబట్టే దానికి కోపం కూడా తోడవుతుంది. నా అభ్యంతరం మమకారం మీద కాదు, ఆ కోపం ఎవరి మీద పడుతున్నదన్న దాని మీద.

2018 సంగతే తీసుకొందాం. 1980లలోని వీరవనిత కార్టూన్ ‘షీ-రా’ను నెట్‌ఫ్లిక్స్ కొత్తగా తీస్తూ ఆమె కొత్త రూపాన్ని చూపే బొమ్మలు విడుదల చేయగానే, ఆమె తగినంత అందంగా, స్త్రీలా లేదని కొందరు పెద్దవారు, ముఖ్యంగా మగవారు, నిరసన తెలిపారు. కొత్త కథలో ఆమె టీనేజి పిల్ల; చూడవలసినవారు ఇంకా చిన్నపిల్లలు. నడివయసు మగవాడికి ఆకర్షణీయంగా లేకపోవడం అటువంటి కార్టూన్‌కు లోపం ఎలా అవుతుందో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. ఆ ఏడాదే పిల్లి రూపపు వీరుల పాత కార్టూన్ ‘థండర్‌క్యాట్స్’ను హాస్యంగా, గుండ్రటి బొమ్మలతో తీస్తున్నామని ప్రకటించగానే దుమారం రేగింది. మొదటి భాగం ప్రసారమైంది 2020లో. అంటే పిల్లలు ఒక్క నిమిషం కూడా చూడకముందే పెద్దలు తీర్పు చెప్పేశారు. ఇందులో విచిత్రం మరొకటి ఉంది. అదే కథను 2011లో గంభీరంగా, పాత అభిమానులు మెచ్చే విధంగా తీశారు. అది 26 భాగాలతోనే ఆగిపోయింది.

మన ఇళ్ళలో ఏడు చేపల కథ చెప్పినవారికి ఒక సంగతి అనుభవమే. చేప ఎందుకు ఎండలేదో, గడ్డిమోపు ఎందుకు అడ్డం వచ్చిందో క్రమం తప్పి చెప్పామా, మూడేళ్ళ పిల్ల “అలా కాదు, నిన్న చెప్పినట్టు చెప్పు” అని మారాం చేస్తుంది. అమ్మమ్మలు మాత్రం ఏ పిల్లకు తగ్గట్టు ఆ పిల్లకు కథను సాగదీస్తారు, కుదిస్తారు, అవసరమైతే ఆవును, పాలేరును కూడా మార్చేస్తారు. కార్టూన్ల విషయంలో మనం అమ్మమ్మ పీట మీద కూర్చోవలసిన వయసులో ఉండి, మూడేళ్ళ పిల్లలా మారాం చేస్తున్నాము.

ఈ మారాంలో సంస్థల పాత్ర లేదని చెప్పలేను. కండల వీరుడు ‘హీ-మ్యాన్’ ఆటబొమ్మను మ్యాటెల్ అనే ఆటబొమ్మల సంస్థ ముందు దుకాణాల్లోకి తెచ్చింది. 1983లో కార్టూన్ వచ్చింది ఆ బొమ్మల వెనుకనే. ఇప్పుడు పాత పేరునే మళ్ళీ వాడుకోవడానికి కారణం డబ్బు కట్టే తల్లిదండ్రులకు ఆ పేరు తెలిసి ఉండడమే. మన జ్ఞాపకాన్ని ఎరగా వేసి పిలిచి, వచ్చాక ‘ఇది మీ కోసం కాదు’ అంటే ఎవరికైనా చురుక్కుమంటుంది. అయితే 2021లో నెట్‌ఫ్లిక్స్ అదే ‘హీ-మ్యాన్’ను రెండు విధాలుగా తీసింది: ఒకటి పాత అభిమానుల కోసం, మరొకటి పిల్లల కోసం. ఎక్కువ తిట్లు తిన్నది పాత అభిమానుల కోసం తీసినదే. మనం కోరేది కొత్త కార్టూన్‌ను కాదనీ, దానిని చూసిన నాటి వయసుననీ నాకు అనుమానం. దానిని ఏ స్టూడియో తీసి ఇవ్వగలదు?

టీనేజి వీరుల కార్టూన్ ‘టీన్ టైటన్స్ గో’ ఈ రభసను కథావస్తువుగానే చేసుకొంది. 2006లో ముగిసిన గంభీరమైన ధారావాహికను 2013 నుంచి అల్లరి హాస్యంగా మార్చారన్నది అభిమానుల ఫిర్యాదు. ప్రధాన పాత్రలు ఐదింటికీ గొంతులు మాత్రం పాత నటులవే. ఒక భాగంలో ఇద్దరు వీరులు తమను చిన్నప్పుడు నవ్వించిన జోకరును వేడుకకు పిలిపించుకొని, వాడి ఆట మరీ పిల్లతనంగా ఉందని మండిపడతారు. ఆ పిలుపును నేనూ చాలాసార్లు పంపాను కాబట్టి నవ్వలేకపోయాను.

అంటే పెద్దలు విమర్శించకూడదని కాదు. 2016లో ‘పవర్‌పఫ్ గర్ల్స్’ను మళ్ళీ తీసినప్పుడు ముగ్గురు అమ్మాయిల గొంతులనూ మార్చారు, పాత నటీమణులలో టారా స్ట్రాంగ్ తన బాధను బహిరంగంగానే చెప్పారు. అది కళాకారుల గౌరవానికి సంబంధించిన ప్రశ్న, అడగవలసిందే. కథలో శ్రద్ధ లేకపోయినా, నవ్వించడానికి ఒకే తమాషాను పదే పదే తిప్పినా పిల్లల తరఫున మనమే నిలదీయాలి. పాతది చూడకపోయి ఉంటే కూడా ఈ మాట అనేవాణ్ణా అని నన్ను నేను ప్రశ్నించుకోవడం ఒక్కటే నేను పెట్టుకొన్న నియమం.

మన హైదరాబాదులో పుట్టిన ‘ఛోటా భీమ్’కూ ఈ రోజులు వచ్చాయి. 2008లో దానిని చూసిన పిల్లలే నేడు ఇక్కడికి, అమెరికాకు, ఎమ్మెస్ చదువుకు వస్తున్నారు. అదే గ్రీన్ గోల్డ్ సంస్థ 2019లో భీముణ్ణి పాకే పసివాడిగా చేసి, మాటలు దాదాపు లేకుండా ‘మైటీ లిటిల్ భీమ్’ తీసింది. తెలుగు రాని మన పసిపిల్లలు కూడా దానిని చూసి కేరింతలు కొడుతుంటే, “మా భీముడు ఇలా ఉండేవాడు కాదండీ” అని ఒక కుర్రవాడు మా ఇంట్లో నిట్టూర్చాడు. అతని వయసు 24. అలక ఇంత త్వరగా మొదలవుతుందని నేను అనుకోలేదు. మనం పండుగ వేదికల మీద ఎనిమిదేళ్ళ పిల్లల చేత మన కాలేజీ రోజుల సినిమా పాటలకు నాట్యం చేయిస్తున్నంత కాలం అతణ్ణి తప్పుపట్టే అర్హత మనకు లేదు.

కొన్ని నెలల తరువాత మా అమ్మాయికి నా ‘డక్‌టేల్స్’ను కూడా చూపించాను. వెబీ ఎప్పుడూ బొమ్మ పట్టుకొని ఎందుకు తిరుగుతుందని అడిగింది; కొత్తదానిలో వెబీ సాహసాలకు ముందు నడుస్తుంది. బాతుపిల్లలైన ముగ్గురు అన్నదమ్ములూ ఒకే గొంతుతో ఎందుకు మాట్లాడతారని అడిగింది. కొత్తదానిలో ముగ్గురికీ మూడు గొంతులు, మూడు స్వభావాలు. “నీకు ముగ్గురిలో ఎవరంటే ఇష్టం?” అని చివరికి అడిగింది. “ఎర్ర టోపీ వాడు” అన్నాను. వాడి పేరేమిటంది. పాతికేళ్ళుగా నావని చెప్పుకొంటున్న ఆ బాతుపిల్లల్లో ఎర్ర టోపీ వాడి పేరు నాకు గుర్తుకు రాలేదు.