128.7 అంటే గంతేనా?

పోయిన ఆదివారం నయీంనగర్‌లో మేం రోజూ కూర్చునే చాయ్ హోటల్‌లో జేబులోంచి చిన్న కాగితం తీసి టేబుల్ మీద పెట్టాను. దాని మీద నా పేరు, బండి నంబరు, కింద 128.7 అని నా వేగం, గంటకు కిలోమీటర్లలో, ఉంది. నా జీవితంలో మొదటిసారి పాల్గొన్న టాప్ స్పీడ్ రన్‌లో, అంటే ఖాళీ రన్‌వే మీద బండి ఎంత వేగం పోతుందో కొలిచే చోట, ఇచ్చిన స్లిప్ అది. నలుగురూ చూశారు. ఒకాయన దాన్ని వెనక్కి తిప్పి, ఇంకేమైనా రాసి ఉందేమోనని చూసి, "గంతేనా తమ్మీ? మా అల్లుడు ములుగు రోడ్డు మీద నూట నలభై కొడతడు" అన్నాడు.

అక్కడ నేనేమీ మాట్లాడలేదు. రాత్రంతా ఆ మాటే తిరిగింది. చెప్పాల్సింది చాలా ఉంది, చాయ్ చల్లారేలోపు చెప్పగలిగేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ నూట నలభై సంగతి తేలుద్దాం. నాది పాత పల్సర్ 220, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. రెండేళ్ల కింద పొద్దున అయిదింటికి హుజూరాబాద్ రోడ్డు మీద నేను కూడా దాని మీటర్‌లో 141 చూశాను, ఫొటో తీసి అందరికీ పంపాను. నెల కింద ఎయిర్‌స్ట్రిప్ మీద పరుగెత్తినప్పుడు కూడా బండికి కట్టిన కెమెరాలో అదే మీటరు 141 చూపించింది. రన్‌వే పక్కన పెట్టిన లైట్లు మాత్రం 128.7 అన్నాయి. లైట్లు చెప్పిందే నిజం. బండి మీటరును కంపెనీలు కావాలనే కాస్త ఎక్కువ చూపేలా పెడతాయి. అసలు వేగం కన్నా తక్కువ మాత్రం చూపకూడదు, పది శాతం దాకా ఎక్కువ చూపితే తప్పు పట్టరు. పైగా మీటరు చక్రం తిరుగుళ్లను లెక్కపెడుతుందంతే. టైరు అరిగితే చక్రం చుట్టుకొలత తగ్గుతుంది, మీటరు ఇంకొంచెం ఎక్కువ చెబుతుంది. కాబట్టి అన్నా, మీ అల్లుడి నూట నలభై, నా నూట ఇరవై ఎనిమిది బహుశా ఒకటే. కాకపోతే నేను కొలిపించుకున్నాను.

ఆ కొలత ఎట్లా ఉంటుందో చెబుతాను. రన్‌వే చివర్లో ఇరవై మీటర్ల ఎడంతో రెండు చోట్ల లైటు కిరణాలు అడ్డంగా పెడతారు. ముందు చక్రం మొదటి కిరణాన్ని తాకగానే గడియారం మొదలవుతుంది, రెండోదాన్ని తాకగానే ఆగుతుంది. నాకు ఆ ఇరవై మీటర్లు దాటడానికి పట్టింది 0.559 సెకను. నాలుగు నెలలు పడ్డ పని, చేసిన ఖర్చు, ఇంట్లో జరిగిన గొడవలు, అన్నీ ఆ అర సెకను కోసమే.

ఈ ఆటకు అసలు ఇల్లు అమెరికాలో యూటాలోని బోన్‌విల్ ఉప్పు మైదానం. మైళ్ల పొడవునా చదునైన తెల్లటి ఉప్పు. 1935లో మాల్కమ్ క్యాంప్‌బెల్ అక్కడే కారులో గంటకు 300 మైళ్లు దాటాడు. 1949 నుంచి ఆగస్టులో అక్కడ స్పీడ్ వీక్ అనే వేగం పోటీలు పెడుతున్నారు. వానలు పడి ఉప్పు తడిస్తే రద్దు చేస్తారు, 2014, 2015లో వరసగా రెండేళ్లు అట్లనే చేశారు. ప్రపంచ రికార్డు కావాలంటే ఒకసారి ఉరికితే సరిపోదు. అదే దారిలో అటొకసారి, ఇటొకసారి పోవాలి, రెండింటి సగటే లెక్క. కార్లకైతే ఈ రెండూ గంటలోపు ముగించాలి. వెనక నుంచి గాలి తోసి ఇచ్చిన వేగం నీది కాదని ఈ నియమం అర్థం. 1997 అక్టోబర్ 15న నెవాడా ఎడారిలో ఆండీ గ్రీన్ అనే పైలట్ థ్రస్ట్ ఎస్ఎస్‌సీ అనే జెట్ కారులో గంటకు 1,228 కిలోమీటర్లు, అంటే ధ్వని వేగాన్ని మించి పోయింది కూడా ఇట్లా రెండు వైపులా పరుగెత్తే. నేను పాల్గొన్న చోట ఒకే వైపు పంపారు, గాలి కూడా కొంచెం వెనక నుంచే వీచింది. అందుకే నాది రికార్డు అని ఎవరికీ చెప్పను.

నాకు ఈ పిచ్చి పట్టింది మాత్రం బర్ట్ మన్రో గురించి చదివాక. న్యూజిలాండ్‌లో ఒక చిన్న షెడ్డు. 1920లో కొన్న ఇండియన్ స్కౌట్ బండి, కొత్తగా ఉన్నప్పుడు గంటకు 55 మైళ్లు పోయేది. ఆయన దాని మీద నలభై ఏళ్లకు పైగా పని చేశాడు. పాత డబ్బాలను అచ్చులుగా పెట్టి పిస్టన్లు పోసుకున్నాడు, ట్రాక్టర్ ఇరుసును చెక్కి కనెక్టింగ్ రాడ్లు చేసుకున్నాడు. 1967లో, అరవై ఎనిమిదేళ్ల వయసులో, అదే బండితో బోన్‌విల్‌లో వెయ్యి సీసీ లోపు తరగతిలో 184 మైళ్లు కొట్టాడు. కిలోమీటర్లలో 296. ఇది చదివినప్పుడు నాకు కాశిబుగ్గలో మా మెకానిక్ అన్న గుర్తొచ్చాడు. విడిభాగం దొరకకపోతే లేత్ మిషన్ దగ్గర కూర్చుని చేయించుకొచ్చే మనిషి. ఇట్లాంటి చేతులు వరంగల్‌లో, కరీంనగర్‌లో, గోదావరిఖనిలో ఎన్ని ఉన్నాయో మనందరికీ తెలుసు. ఆ పనితనాన్ని నిజంగా కొలిచి చూసుకునే చోటు ఒక్కటీ లేదు. నా కోపమంతా ఇదే.

అన్నకు విషయం చెబితే మొదట నవ్వాడు. తర్వాత బండి చుట్టూ రెండు సార్లు తిరిగి, "టైర్ల మీద అక్షరం చూసినవా?" అని అడిగాడు. టైరు మీద సైజు పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, ఆ టైరు ఎంత వేగం దాకా తట్టుకుంటుందో చెప్పేది. ఇన్నేళ్లు బండి నడిపినా నేనెప్పుడూ చూడలేదు. అక్కడ మొదలైంది. టైర్లు, చెయిను, బ్రేకు ప్యాడ్లు మార్చాం. ఆయిల్ బోల్టుకు రంధ్రం చేసి, ఊడకుండా తీగ కట్టాం. నేను కింద పడితే ఇంజిన్ దానంతటదే ఆగేలా చేతికి కట్టుకునే తాడు స్విచ్ పెట్టాం. తోలు సూటు ఒక దోస్తు దగ్గర అడిగి తీసుకున్నాను. లైసెన్సు, ఫీజు, బండిని వ్యాన్‌లో తీసుకెళ్లడం, అంతా కలిపి ముప్పై ఎనిమిది వేలు అయింది.

ఇంత చేసినా తనిఖీలో నన్ను లైన్లోంచి పక్కకు పంపారు. టైరు వాల్వు మీద ప్లాస్టిక్ మూత ఉందని! చక్రం ఆ వేగంతో తిరిగితే వాల్వు లోపలి పిన్ను బయటి వైపు లాగబడి గాలి కారొచ్చట, అప్పుడు ఆ మూతే ఆఖరి తాళం, అందుకే లోహం మూత కావాలట. కొల్హాపూర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, నా పేరు కూడా అడగకుండా, తన డబ్బాలోంచి రెండు ఇత్తడి మూతలు తీసి చేతిలో పెట్టాడు. మన రోడ్ల మీద బండ్లు తోలే పిల్లల్లో ఎంతమందికి ఈ మూత గురించి ఎవరైనా చెప్పారు?

ఇంక నా తప్పు. ముందు స్ప్రాకెట్‌కు, అంటే చెయినును లాగే పళ్ల చక్రానికి, ఒక పన్ను ఎక్కువ ఉంటే టాప్ స్పీడ్ పెరుగుతుందని అందరం అనుకుంటాం కదా, నేనూ అదే బిగించుకుని పోయాను. అన్న వద్దన్నాడు, నేను వినలేదు. మొదటి రన్‌లో నాలుగో గేరు దాకా బాగానే లాగింది. అయిదో గేరు వేయగానే ఇంజిన్ ఊపిరి ఆగిపోయినట్టు అయింది, ఎంత తిప్పినా ఆర్పీఎం పైకి లేవలేదు. స్లిప్‌లో 119.2 వచ్చింది. కారణం గాలి. వేగం రెండింతలైతే గాలి అడ్డుకునే బలం నాలుగింతలవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి కావాల్సిన పవర్ ఎనిమిదింతలు. పది శాతం వేగం పెంచాలన్నా మూడో వంతు పవర్ ఎక్కువ కావాలి. నా ఇంజిన్‌లో ఉన్నది సుమారు ఇరవై ఒక్క హార్స్‌పవర్. పన్ను పెంచినంత మాత్రాన అది ఇరవై ఎనిమిది కాదు కదా. పెద్ద గేరును లాగే బలం దానికి లేదు. ఎండలో కూర్చుని పాత స్ప్రాకెట్ మళ్లీ బిగించి, చెయిను సరిచేసి, రెండో రన్‌కి లైన్లో నిలబడ్డాను. ఈసారి గడ్డం ట్యాంకుకు ఆనించాను, మోచేతులు లోపలికి ముడుచుకున్నాను, మోకాళ్లు ట్యాంకుకు నొక్కి పెట్టాను. 128.7. పవర్ ఒక్క ఇసుమంత పెరగలేదు. సరైన గేరు, ఒళ్లు ముడుచుకోవడం, కాస్త గాలి సాయం, అంతే. ఇది చదివితే అర్థమయ్యేది కాదు, రెండు స్లిప్పులు పక్కపక్కన పెట్టుకుంటే అర్థమవుతుంది.

మా బాపు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నేను పోతానంటే రెండు వారాలు నాతో మాట్లాడలేదు. బయల్దేరే ముందు రోజు రాత్రి వచ్చి ఒక్కటే అడిగాడు. "ఎదురుంగ ఎవ్వరు రారు గదా?"

రారని చెప్పాను. ఒకరి తర్వాత ఒకరినే వదులుతారని, ముందు పోయినవాడు పక్కకు తిరిగాడని జెండా ఊపాకే నన్ను వదులుతారని, చివర్లో అంబులెన్స్ ఉంటుందని చెప్పాను. "అయితే పో బిడ్డా" అన్నాడు.

బాపు అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు మన రోడ్ల మీద ఎవరైనా జవాబు చెప్పగలరా? నా చిన్ననాటి దోస్తు ఒకడు కరీంనగర్ పోయే దారిలో, కోతల కాలంలో, రాత్రిపూట బండి మీద పోతున్నాడు. రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి ఉన్నాయి. రైతును అనలేం, కల్లం లేకనే కదా రోడ్డు మీద పోసుకున్నది. నా దోస్తుకు ఇవ్వాళ ఎడమ కాలు మోకాలి కింద లేదు. ఆ రోజు వాడి మీటరు ఎంత చూపించిందో వాడిప్పటికీ చెప్పడు. నేను హుజూరాబాద్ రోడ్డు మీద 141 ఫొటో తీసింది వాడికి అట్లా జరిగాక ఆర్నెల్లకు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. చేతిలో ఫోను పట్టుకుని, ఒంటి చేత్తో, అదీ ఆ రోడ్డు మీద. ఎదురుగా ఒక బర్రె వచ్చినా నేనివాళ ఇది రాసేవాణ్ని కాదు.

కాబట్టి "పిల్లలు స్పీడుగా పోవద్దు" అని బోర్డులు పెట్టి, చలాన్లు రాసి చేతులు దులుపుకోవడం చాలదు. చలాన్లు వద్దనడం లేదు, రాయాలి. కానీ పద్దెనిమిదేళ్ల పిల్లోడికి బండి ఎంత పోతుందో చూడాలన్న కోరిక పోదు. దానికొక చోటు చూపించకపోతే ములుగు రోడ్డే వాడి చోటు అవుతుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన రోడ్లు మూసి 'ఫార్ములా-ఈ' అనే కరెంటు కార్ల పోటీ పెట్టారు. ప్రపంచం కోసం రోడ్లు మూయగలిగినవాళ్లు మన పిల్లల కోసం నెలకొక ఆదివారం పొద్దున నాలుగు గంటలు ఒక కిలోమీటరు మూయలేరా? ఒక ఆఫీసులో ఇదే అడిగితే అక్కడి పెద్దమనిషి తల ఎత్తకుండా, "ఇట్లాంటివి మన దగ్గర నడవవు" అన్నాడు. ఎందుకు నడవవో చెప్పలేదు.

వరంగల్ పక్కనున్న మామునూరు ఎయిర్‌పోర్టు గురించి అడుగుతారని తెలుసు. నిజాం కాలం నాటి ఆ ఎయిర్‌పోర్టులో 1981 తర్వాత ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి, చిన్నప్పటి నుంచి ఆ ఖాళీ రన్‌వేను చూస్తూ ఎన్నో ఊహించుకున్నాను. కేంద్రం 2025లో దాన్ని మళ్లీ తెరవడానికి అనుమతి ఇచ్చింది. విమానాలు రావాలి, అదే మంచిది. నాకు అది వద్దు. ఏదైనా ఇండస్ట్రియల్ పార్కు లోపల ఆదివారం లారీలు తిరగని రోడ్డు ఉన్నా చాలు. పక్కన చెట్లు, స్తంభాలు దగ్గరగా ఉండకూడదు. పరుగుకు కిలోమీటరు, ఆగడానికి ఇంకో కిలోమీటరు కావాలి. రెండు వైపులా గేటు ఉండాలి. లైట్ల సెట్ అద్దెకు దొరుకుతుంది. తనిఖీకి మా అన్న వస్తానన్నాడు. జాతీయ మోటార్ స్పోర్ట్స్ ఫెడరేషన్ అనుమతికి కాగితాలు నేను తిరుగుతాను.

భూపాలపల్లి నుంచి జగిత్యాల దాకా, మీ దగ్గర ఇట్లాంటి రోడ్డు ఏదైనా ఉంటే ఊరి పేరు, గేటు ఎవరి చేతిలో ఉందో చెప్పండి. పగుళ్లు ఉన్నా సరే, ముందు చెప్పండి. టేపు తీసుకుని వచ్చే ఆదివారమే వస్తాను. ఈసారి మా బాపు కూడా వస్తానంటున్నాడు, ఎదురుగా ఎవరైనా వస్తారో రారో ఆయనే చూసుకుంటాడట.