వీధిమూల సీసీ కెమెరా దొరవారికి

మహారాజశ్రీ మా వీధిమూల సీసీ కెమెరా దొరవారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ. మేం క్షేమమో కాదో మాకన్నా ముందు మీకే తెలుస్తుంది గనక ఆ ముక్క వదిలేస్తున్నాను.

మీరు మా కాలనీకి వేంచేసిన రోజు బాగా గుర్తు. హైదరాబాద్‌లో 'నేను సైతం' పేరుతో ఎవరి గల్లీ కెమెరాలకు వాళ్లే డబ్బులేసుకోవాలన్న రోజులవి. మా సంఘంవాళ్లు వినాయకచవితి రసీదు పుస్తకమే పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఒక కెమెరా వందమంది పోలీసులతో సమానమన్నారు. రెండువేలకు వందమంది పోలీసులంటే చవకే కదా, ఇచ్చేశాను. చవితి చందాకైతే పులిహోర పొట్లమైనా చేతిలో పెడతారు. మీ చందాకు మాత్రం రోజుకు నాలుగుసార్లు మీ ముందునుంచి నడిచే భాగ్యం దక్కింది.

మీ వంశం చూపు సామాన్యమైంది కాదు. మొన్న ఎండాకాలంలో చౌరస్తాలో ఉన్న మీ పెద్దన్న నాకో చలానా పంపాడు, హెల్మెట్ లేదని. ఆ ఫొటోలో ఉన్నంత స్పష్టంగా నేను నా పెళ్లి ఆల్బంలో కూడా లేను. ఒక చేత్తో హ్యాండిల్, రెండో చేతిలో సగం కొరికిన మిర్చి బజ్జీ. వెనకాల బజ్జీల బండి, మూకుడు మీద పొగతో సహా. నాకు షుగర్. ఆ మెసేజ్ మా ఆవిడ నాకన్నా ముందు తెరిచింది. హెల్మెట్ జరిమానా ఒక్కసారితో పోయింది. బజ్జీ జరిమానా రాత్రిపూట జొన్నరొట్టెల రూపంలో ఇప్పటికీ కడుతున్నాను.

అంతటి వంశంలో పుట్టిన మీకేమైందో మరి, దసరా వెళ్లిన మూడోనాడు సరిగ్గా మీ కిందే పెట్టిన నా స్కూటర్ పోయింది. వీడియో చూపించమని అడగాల్సినచోట అడిగాను. కుర్చీలో ఉన్నాయన తల అడ్డంగా ఊపి, "ఎవరికి పడితే వాళ్లకు చూపిస్తే ఎట్లా సార్? అందులో నలుగురి ప్రైవసీ ఉంటది" అన్నాడు. వినగానే కళ్లు చెమర్చాయి. ఆ వీడియోలో ఉండేది నా స్కూటర్, నా గేటు, నా తులసికోట. వారం తర్వాత మళ్లీ వెళ్తే, మీరు దసరాకు ముందునుంచే నిద్రలో ఉన్నారని తేలింది. ఖాళీ డబ్బా ప్రైవసీకి కూడా అంత కాపలా కాశారన్నమాట.

ప్రైవసీ అంటే గుర్తొచ్చింది. అది ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. మరుసటి ఏడాదే తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌కు ముఖాలు గుర్తుపట్టే విద్య అబ్బింది. 2021లో, కరోనా రోజుల్లో, ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను రోడ్డు మీద ఆపి మాస్కు తీయమన్నారు. తీయనంటే అలాగే ఫొటో తీసుకున్నారు. ఏ చట్టం ప్రకారం తీశారో చెప్పమని ఆయన హైకోర్టుకెక్కాడు. అదే ఏడాది అక్టోబరులో కుర్రాళ్ల బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో గంజాయి మాట కోసం వెతికారు. (మా అమ్మ ఫోన్లో వెతికి ఉంటే 'గంజి' దొరికేది. సగం నేరం రుజువైనట్టే.)

నీ సమాచారం ఎవరి దగ్గర ఏముందో అడిగే హక్కు నీకుందంటూ 2023లో డేటా రక్షణ చట్టమూ వచ్చింది. సంబరపడేలోపే 17వ సెక్షను చదివాను. దేశభద్రత, శాంతిభద్రతల పేరు చెప్పి కేంద్రం తన ఇష్టమొచ్చిన ప్రభుత్వ సంస్థను ఆ చట్టంనుంచి తప్పించవచ్చట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ ఇద్దరూ ఒక్కరే.

చూడ్డం మీ పని, వినడం మీ దాయాదుల పని. అప్పటి ప్రతిపక్ష నాయకుల ఫోన్లు దొంగచాటుగా విన్నారంటూ నడుస్తున్న కేసు 2024 మార్చిలో నమోదైంది. ఫిర్యాదు పోలీసులదే, నిందితుల్లో ఎక్కువమందీ పోలీసులే. 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్‌డిస్కులు ముక్కలుచేసి మూసీలో పారేశారన్నది అభియోగం. మేం గణపతిని నిమజ్జనం చేయాలంటే పర్మిషను, ఊరేగింపు, దారిపొడుగునా మీ చూపులు. ఆ నిమజ్జనానికి డప్పు కూడా మోగలేదు. మా బజ్జీ మాత్రం సర్వర్లో చెక్కుచెదరకుండా ఉంది.

నా విన్నపం చిన్నది. బంజారాహిల్స్‌లో 2022లో తెరిచిన మీ కమాండ్ కంట్రోల్ సెంటర్లో, ఎవరు ఎవర్ని ఎప్పుడు ఎందుకు చూశారో రాసే రిజిస్టరు ఒకటి పెట్టించండి. ఉంటే ఏడాదికోసారి మాకు చూపించండి. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పాలవాడి చేత కూడా సంతకం పెట్టించందే పైకి పంపడు. పుస్తకం ఖర్చుకు కావాలంటే మళ్లీ చందా వేసుకుంటాం.

చిత్తగించవలెను.

ఇట్లు,
బజ్జీ ఫొటోలో ఎడమవైపు మనిషి
(కుడివైపున్నది బజ్జీలాయన. ఆయన్నేమీ అనకండి.)