మణికట్టు మీది కరణం గారికి

అయ్యా,

మీరు నా చేతికి చేరి ఏడాదిన్నర అయింది. గడియారం కావాలనుకుని కొన్నాను, లోపల అడుగులు లెక్కపెట్టే మీరున్నారని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి రోజూ పదివేల అడుగుల శిస్తు కడుతున్నాను. కాలనీ పార్కులో సిమెంటు పలకల బాట మీద గానుగెద్దులా తిరుగుతున్నాను. మీకు గానుగెద్దంటే మహా ఇష్టం. అది ఆగదు, దారి మార్చదు, పక్కకు చూడదు. ఒకనాటి రాత్రి 400 అడుగులు తక్కువ పడ్డాయని నన్ను సోఫా చుట్టూ తిప్పించారు. దిష్టి తీయమంటారా అని మా ఆవిడ అడిగింది.

ఈ పదివేల లెక్క ఏ శాస్త్రంలో ఉందా అని వెతికాను. 1965లో జపానులో ఒక గడియారాల కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్మకానికి తెచ్చి, దానికి 'మాన్పో-కే' అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటరు అని అర్థం. అంకె గుండ్రంగా ఉంది, సరుకు అమ్ముడుపోయింది. పరిశోధనలు తర్వాత తీరిగ్గా వచ్చాయి. శిస్తు ముందు, సర్వే తర్వాత!

సరే, కట్టేదేదో కడుతూనే ఉన్నాను. నా ఫిర్యాదు వేరే. మాది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. ఈ ఏడాదిన్నరలో చుట్టుపక్కల గుట్టల వైపు పోయింది రెండుసార్లే. ఆ రెండుసార్లూ మీరు నన్ను సోమరిపోతుల జాబితాలో వేశారు.

మొదటిసారి మౌలాలి. గుట్ట కింద మహలఖా బాయి చందా సమాధి ఉంది. తల్లి కోసం 1792లో తానే తోట వేయించి కట్టించింది, 1824లో తానూ అక్కడికే చేరింది. ఉర్దూలో సొంత దివాన్, అంటే కవితల సంపుటి, వెలువరించిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. మగవేషంలో నిజాం వెంట యుద్ధాలకు వెళ్ళిందంటారు. దర్బారులో ఉమ్రావుల, అంటే కొలువు పెద్దల, సరసన చోటు సంపాదించింది. అంతటి మనిషి సమాధి ముందు నిలబడి గోడల మీది గచ్చు పని చూస్తుంటే, మీరు మణికట్టు మీద జుయ్యిమని వణికి "లేవండి, కదలండి" అన్నారు. నేను నిలబడే ఉన్నానండీ! ఆ తేడా కూడా తెలియని లెక్క మీది.

పైనున్న దర్గా సంగతి చెబితే ఇంకా చిన్నబుచ్చుకుంటారు. ఇబ్రహీం కుతుబ్ షా కొలువులో యాకూత్ అనే ఉద్యోగికి కలలో ఈ గుట్ట మీద కూర్చున్న హజ్రత్ అలీ కనబడ్డారట. తెల్లవారి వెళ్ళి చూస్తే రాతి మీద అరచేతి గుర్తు ఉందని కథ. ఆ రాత్రి యాకూత్ చేతికి మీరుండి ఉంటే పొద్దున్నే "నిద్ర సరిగా లేదు" అని రాసి, విశ్రాంతి తీసుకోమని ఇంట్లో కూర్చోబెట్టేవారు. ఇక గుట్ట అంటారా, ఈ గ్రానైటుకు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఒక్క అడుగు వేసిన పాపాన పోలేదు.

రెండోసారి కీసరగుట్ట. దారి పొడవునా వెంచర్ల హద్దురాళ్ళు, ఒక్కోదాని మీద ప్లాటు నంబరు. గుట్ట మీద ఎక్కడ చూసినా ఆరుబయట శివలింగాలే. కాశీ నుంచి లింగం తేవడంలో హనుమంతుడికి ఆలస్యమైంది, ముహూర్తం దాటుతుందని రాముడు వేరే లింగాన్ని ప్రతిష్ఠించాడు, ఆ అలకతో హనుమ తెచ్చిన లింగాలన్నీ విసిరేశాడని స్థలపురాణం. సముద్రం దాటిన వాడికే ఆలస్యమైందన్న మాట తప్పలేదు, నేనెంత అని సర్దుకున్నాను.

అక్కడ విష్ణుకుండినులనే పాత రాజవంశం కాలపు ఇటుక కట్టడాల పునాదులు తవ్వకాల్లో బయటపడ్డాయి. వాటికన్నా నన్ను పట్టుకున్నది ఒక బండ మీది ఒకే ఒక్క మాట: "తొలుచువాన్డ్రు". అయిదో శతాబ్దిదని చెప్పే శాసనం, లిపి బ్రాహ్మి, మాట మన తెలుగు. రాళ్ళు తొలిచేవాళ్ళు అని అర్థం. రాజు పేరు లేదు, బిరుదులు లేవు, దానమిచ్చిన భూమి కొలతలు లేవు. పేర్లు కూడా చెప్పుకోలేదు, చేసే పని ఒక్కటే చెప్పుకున్నారు. దారిలో హద్దురాళ్ళ మీద నంబర్లు చూసి వచ్చిన కళ్ళకు ఆ మాట ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. పూర్వం వాళ్ళ చేతులకు మీరు తగిలి ఉంటే మీ దస్త్రంలో ఏం రాసేవారో మాత్రం చెప్పగలను: "ఉదయం నుంచి ఒకే బండ దగ్గర. కదలిక లేదు."

ఆ రోజు నా ఖాతాలో 3,112 అడుగులు రాశారు. మీ తెర మీది గుండ్రని గీత సగం కూడా నిండలేదు. పైగా నిన్నటి కన్నా వెనకబడ్డానని ఓదార్పు ఒకటి.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను. మీరు ఇంట్లో చార్జింగులో ఉంటారు.

ఇట్లు,
6,888 అడుగుల బకాయి ఉన్న
మీ రైతు