సెకన్లతో సహా తప్పు చెప్పే పెద్దమనిషికి

మహారాజశ్రీ డేట్‌టైమ్ ఒరిజినల్ గారికి,
ఎగ్జిఫ్ ట్యాగుల వీధి, జేపెగ్ ఫైలు లోపల.

నమస్కారాలు. ఉభయకుశలోపరి.

ఫోటో ఫైలు లోపల కెమెరా రాసిపెట్టే వివరాల చిట్టా పేరు ఎగ్జిఫ్; అందులో ఫోటో ఎప్పుడు తీశారో చెప్పడమే మీ ఉద్యోగం. అడగడం ఆలస్యం, సంవత్సరం నుంచి సెకను దాకా గడగడా అప్పజెప్తారు. (సంవత్సరానికీ నెలకీ మధ్య కూడా కోలనే పెట్టే మీ చాదస్తాన్ని ఎప్పుడో క్షమించేశాం.) అది ఏ ఊరి టైమ్ అంటే మాత్రం నోరు మెదపరు. 1995లో మొదలైన ఎగ్జిఫ్ కుటుంబంలో టైమ్ జోన్‌కి గడి పెట్టింది 2016లో, 2.31 వెర్షన్‌తో. అదీ తప్పనిసరి కాదు. అన్నేళ్లూ భూమి తిరుగుతోందన్న కబురు మీ వీధికి చేరలేదనుకోవాలి.

అందుకే విదేశంలో విమానం దిగగానే ఫోన్ అక్కడి టైముకి మారిపోతుంది, మెడలోని కెమెరా మాత్రం ఇంటి టైమునే పట్టుకు వేలాడుతుంది. రెండింటి ఫోటోలూ కలిపి వరస పెట్టమంటే, మనుషులు ముందు కొండ దిగి తర్వాత తీరిగ్గా ఎక్కుతారు. వీడియోలది ఇంకో గోల. ఎంపీ4 ఫైళ్లలో కాలాన్ని 1904 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతారు, యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైములో, రాయాలని నియమం. చాలా కెమెరాలు నియమం చదవకుండా తమ గడియారంలో ఉన్నదే రాసేస్తాయి. ఏమీ రాయక సున్నా వదిలేస్తే, పాప తొలి అడుగులు 1904లో వేసినట్టు తేలుతుంది!

కెమెరా గడియారాన్ని నడిపే బుల్లి బ్యాటరీ చచ్చిపోతే తేదీ ఏదో పాత జనవరి 1కి పారిపోతుంది. అప్పుడైనా తడబడతారా? అదే ధీమా, అవే సెకన్లు. అబద్ధమాడినా అతికినట్టుండాలన్న మాటని ఇంత శ్రద్ధగా పాటించేవాళ్లని నేను చూడలేదు.

మీ తమ్ముళ్ల సంగతి క్లుప్తంగా: ఫోటో డిజిటల్ రూపంలోకి ఎప్పుడు మారిందో చెప్పే డిజిటైజ్డ్ గారు సాధారణంగా మీకు తందానతాన. ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో చెప్పే ఉత్త డేట్‌టైమ్ గారు, ఫోటోని కాస్త కత్తిరిస్తే చాలు, మాట మార్చేస్తారు. మెసేజింగ్ యాప్ గుమ్మం దాటితే చాలాసార్లు మీ ఇంటిల్లిపాదీ గల్లంతు.

నా అసలు కోపం పాత ఫోటోల దగ్గర. అమ్మమ్మ పెళ్లినాటి ఫోటో స్కాన్ చేస్తే, స్కాన్ చేసిన రోజే పెళ్లయినట్టు చూపించే సాఫ్ట్‌వేర్లున్నాయి. సరే, దిద్దుదామంటే ఇంట్లో అందరికీ తెలిసింది ‘సుమారు 1958, ఎండాకాలం’ అని. మీకు ‘సుమారు’ పనికిరాదు. బొత్తిగా తెలియకపోతే అంకెల చోట ఖాళీలు వదలొచ్చని మీ రూల్సులో ఉంది కానీ, మధ్యస్థంగా తెలిసినవాళ్లకి దారేది? చివరికి 1958 జనవరి 1, సున్నా గంటలు అని కొట్టి దణ్ణం పెట్టుకుంటాం. మీ లెక్కన మా పూర్వీకులంతా కొత్త సంవత్సరం అర్ధరాత్రి తప్ప ఎన్నడూ ఫోటో దిగలేదు, అదీ పట్టపగటి వెలుతురులో. ఫోటో వివరాలు రాసే మరో పద్ధతి, మీ చుట్టం ఎక్స్‌ఎంపీ, ఒట్టి సంవత్సరం చెప్పినా మహాప్రసాదమంటుంది. ఒకసారి వెళ్లి చూసి రండి.

మీ మీద సాక్ష్యం సేకరించడం మాకూ వచ్చులెండి. ప్రయాణం మొదట్లోనే ఫోన్‌లోని గడియారాన్ని కెమెరాతో ఫోటో తీస్తున్నాం. కెమెరా ఎంత తప్పిందో ఆ ఒక్క ఫోటో చెప్పేస్తుంది. తర్వాత ఫిల్ హార్వే రాసిన ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో ఒక్క ఆజ్ఞ ఇస్తే ఫోల్డర్ మొత్తం మూడు గంటలు ముందుకో వెనక్కో జరుగుతుంది. పాత ఫైలుని పక్కన దాచి మరీ మారుస్తుంది, మీకన్నా అదే నయం.

ఇట్లు,
మీ మాట నమ్మి ఆల్బమ్ వరస పెట్టుకున్న ఒకరు.

తేదీ: ఈ వారంలోనే, సాయంత్రం పూట. సెకన్లు చూసుకోలేదు.