ఆ ఈ-రీడర్ మెసేజ్ ఇక పంపకండి

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం... ఒడిశాలో మన తెలుగువాళ్లున్న ఏ ఊరి వాట్సాప్ గ్రూపు తెరిచినా ఒకటే మెసేజ్. పొద్దున మామయ్య పంపుతారు, సాయంత్రానికి అదే మెసేజ్ బళ్లో కలిసి చదువుకున్న స్నేహితుడు పంపుతాడు. ఈ-రీడర్ అంటే పుస్తకాలు చదువుకోవడానికే చేసిన పలకలాంటి పరికరం. చూడనివాళ్ల కోసం ఆ మెసేజ్‌లో ఏముందో చెబుతాను.

"సరిహద్దులో ఉన్న మనకి తెలుగు పుస్తకాలు దొరకవు. ఏదో ఒక ఈ-రీడర్ కొనుక్కోండి, అన్నీ ఒకటే. దాంట్లో చదివితే కళ్లజోడు అవసరం ఉండదు. ఈ-పుస్తకాలకి పన్ను లేదు. ఒకసారి కొంటే జన్మంతా మీవే. కొనకపోయినా ఫర్వాలేదు, కింద ఉన్న యాప్ ఎక్కించుకుంటే వేల తెలుగు పుస్తకాలు ఉచితం. పుస్తకాలు పంచడం నేరం కాదు, భాషాసేవ."

కళ్లజోడు సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. ఈ-రీడర్లలో ఉండే ఈ-ఇంక్ తెర కాగితంలాగే బయటి వెలుతురుతో కనిపిస్తుంది కాబట్టి ఎక్కువసేపు చదివినా హాయిగా ఉంటుంది. అంతేగానీ చత్వారం పోదు. పన్ను మాట కూడా తలకిందులే. జీఎస్టీ లేనిది అచ్చు పుస్తకానికి. ఈ-పుస్తకానికి ఉంది. అచ్చు ప్రతి కూడా ఉన్న ఈ-పుస్తకాల మీద 2018లో దాన్ని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు.

"జన్మంతా మీవే" అన్నది నిజం కాదు. పెద్ద కంపెనీల దుకాణాల్లో మనం కొనేది చాలావరకు చదువుకునే అనుమతి మాత్రమే. 2009లో అమెజాన్ కంపెనీ, డబ్బులిచ్చి కొన్నవాళ్ల కిండిల్ ఈ-రీడర్లలోంచి ఒక ప్రసిద్ధ నవలని వాళ్లని అడగకుండానే తీసేసింది. తర్వాత క్షమాపణ చెప్పింది, అది వేరే సంగతి. కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించుకునే వీలు కూడా 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది.

"అన్నీ ఒకటే" అన్న మాట నమ్మి జేబు ఖాళీ చేసుకునేవాళ్లు ఉంటారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఆ ఐదింటిలో తెలుగు లేదు, ఒడియా కూడా లేదు. అంటే మన ఇళ్లలో మాట్లాడే రెండు భాషలూ లేవు. అందుకే కొనే ముందు మీరు చదవబోయేది ఏమిటో తేల్చుకోండి. ఇంగ్లిష్, హిందీ నవలలైతే ఆరంగుళాల తెర చాలు. తెలుగు పాత పుస్తకాలైతే అవి ఎక్కువగా పేజీలని ఫొటో తీసిన పీడీఎఫ్‌లు. చిన్న తెర మీద అక్షరం పెద్దది చేస్తే పేజీ పక్కకి జారిపోతుంది, చేయకపోతే ఒత్తులు కనిపించవు. వాటికి పదంగుళాల తెర కావాలి. తెరకి తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఈపబ్ ఫైళ్లయితే కొనే ముందే ఒక తెలుగు ఫైల్ అందులో తెరిచి చూడండి. "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటల్లో ఒత్తులు విడిపోతే ఆ పరికరం మీకు పనికిరాదు. ఇదంతా తలనొప్పి అనిపిస్తే కొనకండి, చేతిలో ఉన్న ఫోన్‌తో మొదలుపెట్టండి.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన మాట "భాషాసేవ". మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా ప్రచురణ హక్కు వారసులది. గురజాడ 1915లో పోయారు, మన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు 1940లో పోయారు. వాళ్ల రచనలు ఎవరైనా పంచుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి 2043 చివరిదాకా ఆ హక్కు ఉంటుంది. మరి ఆ యాప్ గురించి పంపుతున్న స్క్రీన్‌షాట్‌లో ఏమున్నాయి? మొన్న మొన్న అచ్చయిన కథల సంపుటాలు. తెలుగులో ఒక కథల పుస్తకం ఐదు వందలో వెయ్యో ప్రతులు వేస్తారు. చాలాసార్లు ఆ ఖర్చు రచయితే పెట్టుకుంటారు. ఆ పుస్తకాన్ని వందల గ్రూపుల్లో ఊరికే పంచేసి, ఆ రచయిత రెండో పుస్తకం ఎందుకు వేయలేదని అడుగుతామా? ఎవరికి సేవ ఇది? ఒక భాషలో రాసేవాళ్ల కడుపు కొట్టి ఆ భాషని బతికిస్తారా?

ఉచితంగా, న్యాయంగా దొరికేవి చాలా ఉన్నాయి. తెలుగు వికీసోర్స్ అనే ఉచిత పుస్తకాల వెబ్‌సైట్‌లో పుస్తకాలని ఈపబ్‌గా దించుకోవచ్చు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన పాత తెలుగు పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం తన ప్రచురణలని ఉచితంగానే పెట్టింది. కొత్త పుస్తకం కావాలంటే ప్రచురణకర్తకి ఫోన్ చేయండి. 2025 మే 1న తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ అని పుస్తకాలు పంపే సేవ మొదలుపెట్టింది. అందులో 300 గ్రాముల లోపు పుస్తకానికి 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. విజయవాడ నుంచి రాయగడకి పుస్తకం రావడానికి సరిహద్దు అడ్డం కాదు.

అయితే ఆ మెసేజ్‌లో మొదటి వాక్యం మాత్రం నేను కొట్టిపారేయలేను. మా ఊళ్లో నడిచి వెళ్లి తెలుగు నవల కొనుక్కునే చోటు లేదు. ఆంధ్రలోని పాతపట్నం పక్కనే ఉన్నా అక్కడా దొరికేవి పాఠ్యపుస్తకాలు, గైడ్లే. ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. హక్కులు ఇంకా ఉన్నా ఏళ్ల తరబడి అచ్చులో లేని పుస్తకాలున్నాయి, డబ్బు ఇస్తామన్నా అమ్మేవాళ్లు లేరు. అలాంటి దాని స్కాన్ ఎక్కడో వెతికి పట్టుకుని చదువుకున్న మనిషిని, చట్టం ఏమన్నా సరే, నేను తప్పుపట్టను. ఆ తప్పు తిరిగి వేయనివాళ్లది, కనీసం ఈ-పుస్తకంగా అమ్మనివాళ్లది.

చివరిగా ఆ యాప్ గురించి. అది ప్లే స్టోర్‌లోది కాదు, వాట్సాప్‌లో తిరిగే నేరుగా ఫోన్‌లోకి ఎక్కించే ఏపీకే ఫైల్. ఎక్కించగానే ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతోంది. పుస్తకాలు చూపించే యాప్‌కి మన ఓటీపీలతో పనేంటి? ఇప్పటికే ఎక్కించుకున్నవాళ్లు ముందు నెట్ ఆపేసి దాన్ని తీసేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ మార్చుకోండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. గ్రూపు అడ్మిన్లు ఆ ఫైల్‌ని ఈ రాత్రికే తొలగించండి.